ఆర్డర్ క్యాన్సిల్ అన్నవాళ్ళకి ఏం చెప్పాలి? ఆత్రేయపురం చెల్లెమ్మకి నా జవాబు

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత వచ్చి చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు దాన్ని నాలుగు ముక్కల్లో చెబుతాను. మీరు ఆత్రేయపురం దగ్గర పల్లెలో ఇంట్లోనే పూతరేకులు, పచ్చళ్ళు చేసి 8 నెలలుగా వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నారు. ఈ నెలలో నాలుగు ఆర్డర్లు క్యాన్సిల్ అయ్యాయి. రెండు ఆర్డర్లు రాత్రి డబ్బు వేసి పొద్దున్నే వద్దన్నవి. మూడోది బెంగళూరుకి పంపిన ఆవకాయ. 4 రోజుల్లో అందుతుందని మీరు చెప్పారు, 9 రోజులైనా అందలేదు, వాళ్ళు డబ్బు వెనక్కి ఇచ్చెయ్యమంటున్నారు. నాలుగోది అసలు దెబ్బ. హైదరాబాద్‌వాళ్ళు నిశ్చితార్థానికి 40 బాక్సులు చెప్పారు, బాక్స్ 250 చొప్పున 10,000. అందులో 3,000 అడ్వాన్స్ ఇచ్చారు. పార్సిల్ వెయ్యాల్సిన ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి వద్దన్నారు. అప్పటికి 25 బాక్సులు చుట్టేశారు. వాటిలో 16 బాక్సులు ఊళ్ళోనూ రావులపాలెంలోనూ 220కి అమ్మారు, 9 మిగిలిపోయి బంధువులకి పంచేశారు. ఇప్పుడు వాళ్ళు 3,000 మొత్తం వెనక్కి ఇవ్వకపోతే చెడ్డ రివ్యూలు పెడతామంటున్నారు. తప్పు మీదా వాళ్ళదా, చట్టం ఏమంటుంది అని అడిగారు. మీ అత్తగారు పెద్ద ఆర్డర్లే మానెయ్యమంటున్నారని చివర్లో రాశారు.

నాది అమలాపురం దగ్గర బండారులంక. మగ్గాల ఊరు. నాన్నగారు నేసేవారు, నేను అమ్మకం చూసుకుంటాను. చీరలు ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టి 11 ఏళ్ళు. క్యాన్సిల్ అన్న మాట వినగానే గుండె గుభేల్‌మనే రోజులు నేనూ చూశాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు తేలికవి తేల్చేద్దాం. రాత్రి బుక్ చేసి పొద్దున వద్దన్న ఇద్దరికీ డబ్బు మొత్తం వెనక్కి వేసెయ్యండి. ఒక్క ప్రశ్న కూడా అడగకండి. పిండి రుబ్బలేదు, బాక్స్ కట్టలేదు, మీకు పోయింది ఏమీ లేదు. ఆలోచిస్తాను, మా ఆయన్ని అడుగుతాను అని రెండు రోజులు నాన్చితే మాత్రం మీ డబ్బు కాని డబ్బు మీ దగ్గర ఉన్నట్టు. అవతలివాళ్ళు మోసపోయామేమో అని భయపడతారు, ఆ భయంలోంచే దురుసు మాటలు వస్తాయి. నేను రీఫండ్ అదే గంటలో వేసి, బ్యాంకు ఇచ్చే లావాదేవీ నంబరు మెసేజ్‌లో పెడతాను. ఇంకో అలవాటు కూడా చేసుకున్నాను. రాత్రి వచ్చిన ఆర్డర్ మీద పొద్దున 10 దాకా పని మొదలుపెట్టను. 10కి "మీ ఆర్డర్ ఈరోజు మొదలుపెడుతున్నాం, ఏమైనా మార్పులుంటే 11 లోపు చెప్పండి" అని పెడతాను. మనసు మార్చుకునేవాళ్ళు ఎక్కువమంది ఆ గంటలోనే చెప్పేస్తారు. అలా చెప్పినవాళ్ళ మీద కోపం తెచ్చుకోకూడదు. వద్దనుకుంటూ నోరు మెదపకుండా, పార్సిల్ గుమ్మం దగ్గరికి వచ్చాక తిప్పి పంపేవాళ్ళతోనే మనకి నిజమైన నష్టం.

బెంగళూరు ఆవకాయ విషయంలో మీకు నచ్చని మాట చెప్పాలి. డబ్బు ఇచ్చెయ్యాలి. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, సరుకు పాడైనా, చూపించినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటి అందినా వెనక్కి తీసుకోననడానికీ, డబ్బు ఇవ్వననడానికీ అమ్మేవాళ్ళకి వీల్లేదు. మన చేతిలో లేని పెద్ద ఆపద వల్ల ఆలస్యమైతే ఆ ఒక్కదానికీ మినహాయింపు ఉంది. ఇవన్నీ పెద్ద కంపెనీలకే, మనలాంటి ఇంటివాళ్ళకి కాదు అనుకోకండి. ఇంట్లో పాత సామాను ఎప్పుడో ఒకసారి అమ్ముకునేవాళ్ళని వదిలేశారు తప్ప, క్రమం తప్పకుండా వ్యాపారంగా అమ్మేవాళ్ళని వదల్లేదు. ఆలస్యం చేసింది కొరియర్‌వాళ్ళు, నిజమే. కానీ కొరియర్‌ని ఎంచుకుంది మీరు, 4 రోజులని చెప్పింది మీరు. కొన్నావిడకి తెలిసింది మీరొక్కరే. ఆవిడ డబ్బు ఆవిడకి ఇచ్చేసి, కొరియర్‌తో మీ పోట్లాట మీరు విడిగా పడండి.

ఆ పచ్చడి వెనక్కి వస్తే మాత్రం, సీల్ చెక్కుచెదరకపోయినా సరే, మళ్ళీ అమ్మకండి. 20 రోజులు ఏ గోడౌన్‌లో ఏ ఎండలో ఉందో మనకి తెలియదు. చీరైతే మడత విప్పి చూసి మళ్ళీ అమ్మొచ్చు. తినే సరుకు అలా కాదు.

ఇకమీదట రోజులు చెప్పేటప్పుడు ఆఖరి గడువు కూడా చెప్పండి. "మామూలుగా 4 రోజులు, ఎంత ఆలస్యమైనా 8 రోజులు, 8 దాటితే డబ్బు వెనక్కి" అని చెబితే మీకూ టెన్షన్ ఉండదు, వాళ్ళకీ ఉండదు. వానాకాలంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, మన డెల్టాలో బతికేవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో మూడోది కూడా దాటింది, లంకలు నీళ్ళలో ఉన్నాయి. ఆ వారం నేను ఎవరూ అడక్కముందే, పార్సిల్ రావాల్సిన ప్రతి ఒక్కరికీ మెసేజ్ పెట్టాను: "గోదావరి వరద వల్ల మీ చీర వారం ఆలస్యం కావచ్చు. ఆగగలిగితే ఆగండి, లేదంటే చెప్పండి, ఈరోజే డబ్బు వేసేస్తాను." దాదాపు అందరూ ఆగారు. ఇద్దరు వద్దన్నారు, వేసేశాను. అప్పటినుంచి రెండో హెచ్చరిక వచ్చిన రోజే ఆ మెసేజ్ పంపడం నాకు అలవాటైపోయింది.

ఇప్పుడు 40 బాక్సుల సంగతి. పూతరేకుల గురించి ఆత్రేయపురం ఆడపడుచుకి నేను చెప్పేదేముంది? కానీ మీ క్యాన్సిల్ లెక్క అంతా ఆ పనిలోనే ఉంది. బోర్లించిన కుండ మీద గుడ్డతో పిండి లాగి తీసిన రేకు, తడి తగలకుండా దాచుకుంటే నిలవ ఉంటుంది. అది ఇంకా ఎవరి సరుకూ కాదు, ఎవరికైనా చుట్టి ఇవ్వొచ్చు. నెయ్యి రాసి, చక్కెర పొడో బెల్లమో చల్లి చుట్టిన క్షణం నుంచే రోజులు లెక్కపెట్టుకోవాలి. అంటే మీకు నష్టం మొదలయ్యేది ఆర్డర్ తీసుకున్న రోజు కాదు, రేకులు కొన్న రోజూ కాదు, చుట్టడం మొదలుపెట్టిన పూట. మీరు వాళ్ళకి పెట్టాల్సిన గడువు ఆ పూటే. "శుక్రవారం పొద్దున చుట్టడం మొదలుపెడతాం, గురువారం సాయంత్రం 6 లోపు వద్దంటే అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇస్తాం, ఆ తర్వాత వద్దంటే చుట్టినవాటి ఖర్చు పట్టుకుంటాం" అని ఆర్డర్ తీసుకున్న రోజే చెప్పి ఉంటే ఈ గొడవ ఇంత దూరం వచ్చేది కాదు.

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో మీరు రాయలేదు గానీ నాకు తెలుసు, నేనూ అలాగే ఊరుకున్నాను కాబట్టి. మొహమాటం. శుభకార్యానికి ఆర్డర్ ఇస్తున్నవాళ్ళతో "ఒకవేళ మీరు వద్దంటే" అని ఎలా అంటాం? అపశకునం మాట్లాడినట్టు ఉంటుంది. "అలాగేనండి, మీరు చెప్పారు కదా, చాలు" అనేస్తాం. మనవైపు పెంపకమే అలాంటిది, ఇంటికొచ్చినవాళ్ళతో డబ్బు సంగతి నిక్కచ్చిగా మాట్లాడితే మర్యాద కాదనుకుంటాం. ఆ మొహమాటానికి ధర తర్వాత చెల్లిస్తాం, అదీ ఇద్దరం కలిసి. మనకి డబ్బు పోతుంది, వాళ్ళకి మన మీద నమ్మకం పోతుంది.

నా సంగతి చెబుతాను. అమ్మకం మొదలుపెట్టిన రెండో ఏడాది ఒక టీచరుగారు వంగపండు రంగు ఒంటికి పసుపు అంచు కావాలన్నారు. నా దగ్గర ఆ రంగు లేదు, ఆవిడ కోసమే చేయించాలి. 2,000 అడ్వాన్స్ వేశారు. నూలుకి రంగు అద్దించి, ఆసు పోయించి, పడుగు, అంటే చీర నిలువు దారాలు, మగ్గానికి ఎక్కించాం. మా ఇంట్లో ఒక్క చీర కోసం పడుగు కట్టం, నాలుగైదు చీరలకి సరిపడా కడతాం. 12వ రోజున ఆవిడ ఫోన్ చేసి, షాపులో అలాంటిదే దొరికింది, వద్దు, అడ్వాన్స్ పంపించండి అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మగ్గం మీద ఉన్న చీరని ఎలా వద్దంటారు, చదువుకున్నవాళ్ళు కదా అనేశాను. ఆవిడకి మగ్గం గురించి ఏం తెలుసు? నేను ఎప్పుడు చెప్పాను? ఆవిడ మా మెసేజ్‌లన్నీ ఫొటోలు తీసి తెలిసినవాళ్ళందరికీ పంపారు. చూసినవాళ్ళు నా పడుగు ఖర్చు గురించి ఆలోచించలేదు, నేను వాడిన మాటనే చూశారు. 2,000 ఉంచుకున్నాను, ఆ చీరలు తర్వాత అమ్ముకున్నాను కూడా. అంటే చివరికి నాకు నష్టమే లేదు, ఆవిడ డబ్బు ఊరికే నా దగ్గర ఉండిపోయింది. ఏడాది తర్వాత వెనక్కి పంపాను. ఆవిడ జవాబు ఇవ్వలేదు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అప్పటినుంచి రంగు చెప్పి చేయించుకునేవాళ్ళకి మూడు ఫొటోలు పంపుతున్నాను. రంగు అద్దిన చిలపలు (నూలు కట్టలు) ఒకటి, పడుగు ఒకటి, మగ్గం మీద మొదటి జానెడు ఒకటి. ప్రతి ఫొటో కింద ఒక వాక్యం ఉంటుంది: ఇక్కడిదాకా వద్దంటే ఎంత వెనక్కి వస్తుంది అని. ఫొటో చూసిన మనిషికి అవతల ఎవరో కూర్చుని తన కోసం పని చేస్తున్నారని కంటికి కనిపిస్తుంది. మీరు కూడా రేకుల కట్టల ఫొటో ఒకటి, చుట్టడం మొదలైనప్పటి ఫొటో ఒకటి పంపి చూడండి.

మళ్ళీ మీ 3,000 దగ్గరికి వద్దాం. మీరిచ్చిన అంకెలతోనే లెక్క వేశాను. బాక్స్‌కి మీ ఖర్చు 160 అన్నారు. మిగిలిపోయిన 9 బాక్సులకి 1,440. తగ్గించి అమ్మిన 16 బాక్సులకి 30 చొప్పున 480. మొత్తం 1,920. చుట్టని 15 బాక్సుల రేకులు, నెయ్యి మీ దగ్గరే ఉన్నాయి, వాటికి ఒక్క రూపాయి కూడా వేసుకోకూడదు. కాబట్టి 1,080 వాళ్ళది. ఆ డబ్బు పట్టుకుని బేరం ఆడకండి, ముందు వేసెయ్యండి. వేశాక ఇలా రాయండి:

"నమస్కారమండి. మీరు ఫోన్ చేసేసరికి 25 బాక్సులు చుట్టేశాం. 16 బాక్సులు 30 తగ్గించి అమ్మాం, 9 అమ్ముడుపోలేదు. ఆ ఖర్చు 1,920 అయ్యింది. మిగతా 1,080 మీరు పంపిన ఖాతాకే ఇప్పుడు వేశాను. చుట్టనివాటికి ఏమీ పట్టుకోలేదు. గడువు ముందే చెప్పకపోవడం నా పొరపాటే, మన్నించండి."

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఎందుకంటే వాళ్ళ కోపం డబ్బు గురించే కాదు, మొత్తం మింగేశారన్న అనుమానం గురించి. లెక్క కనబడితే అనుమానం పోతుంది. అయినా సరే ఒప్పుకోకుండా మొత్తం ఇమ్మని పట్టుబడితే, నేనైతే మిగతా 1,920 కూడా ఇచ్చేస్తాను. రివ్యూకి భయపడి కాదు. ముందు చెప్పని షరతు పెట్టుకుని డబ్బు ఉంచుకోవడం నాకు సరైనదనిపించదు. ఆ షరతు ముందే వాళ్ళతో చెప్పి ఉంటే ఒక్క రూపాయి కూడా వదులుకోవద్దని చెప్పేవాణ్ణి. ఇక్కడ నాతో ఏకీభవించని అమ్మకందార్లు చాలామంది ఉంటారు, ముందు రోజు సాయంత్రం వద్దనడం అన్యాయం కాదా అంటారు. అన్యాయమే. కానీ రెండు బాక్సులు తీసుకునే ప్రతి మనిషీ ఆత్రేయపురం పేరు చూసే కొంటున్నాడు. మన పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు (ఈ ఊరి ప్రత్యేక సరుకని ప్రభుత్వం ఇచ్చేది) వచ్చింది. మీ ఇంట్లో జరిగిన గొడవ మీ ఒక్కరి పేరు మీదే ఆగదు.

చట్టం సంగతి అడిగారు కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. వస్తువు బాగానే ఉంది, చెప్పిన రోజుకే వచ్చింది, ఊరికే మనసు మారింది అంటే తప్పకుండా వెనక్కి తీసుకోవాలని మన వినియోగదారుల చట్టం అమ్మేవాళ్ళని బలవంతపెట్టదు. అక్కడ మీరు ముందుగా చెప్పిన షరతే నడుస్తుంది. అయితే షరతు అంటే ఇష్టమొచ్చినంత కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పితే ఇంత అని ముందే రాసుకున్నా, దానికి మించకుండా సబబైన పరిహారమే దక్కుతుంది. "అడ్వాన్స్ ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు" అని బోర్డు పెట్టుకుని, పని మొదలుపెట్టకుండానే మొత్తం ఉంచుకుంటే రేపు ఎవరైనా అడిగితే నిలబడటం కష్టం. ఈ-కామర్స్ నిబంధనల్లో ఇంకో మాట కూడా ఉంది. కొన్నవాళ్ళు క్యాన్సిల్ చేస్తే చార్జీ వేసేవాళ్ళు, తామే ఏకపక్షంగా క్యాన్సిల్ చేసినప్పుడు కూడా అలాంటి చార్జీ భరించాలి. ఇది నాకు చాలా న్యాయంగా అనిపించింది. నేత ఆలస్యమై నేనే ఆర్డర్ మానుకోవాల్సి వస్తే, వాళ్ళు వద్దన్నప్పుడు ఎంత పట్టుకుంటానో అంత అడ్వాన్స్‌కి కలిపి వాళ్ళకి ఇస్తాను. ఆ సంగతి షరతుల్లోనే రాశాను. అది చదివాక గడువు గురించి గొణిగేవాళ్ళు తగ్గారు.

2019 చట్టం వచ్చాక కొన్న మనిషి తను ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. కొన్న విలువ 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. 1915కి ఫోన్ చేసీ ఫిర్యాదు చెప్పుకోవచ్చు. అంటే 1,920 కోసం మీరు హైదరాబాద్‌లో జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు. భయపెట్టడానికి చెప్పడం లేదు, మీ తరఫున కాగితం ఉండాలని చెబుతున్నాను. ఎంత చిన్న ఆర్డరైనా బిల్లు ఇవ్వండి, దాని మీద వాపసు షరతు రెండు లైన్లలో రాయండి. బిల్లులో గడువేదీ లేకపోతే, లోపమున్న సరుకు వెనక్కి తీసుకోవడానికి చట్టం 30 రోజుల లెక్క పెట్టుకుంటుంది. పూతరేకులకి 30 రోజులేమిటి చెప్పండి? అందుకే "అందిన రోజే విప్పి చూసి, విరిగినా చెమ్మగా ఉన్నా 24 గంటల్లో ఫొటో పంపండి" అని మీరే రాసుకోవాలి.

అన్నిటికంటే ముందు మిమ్మల్ని హెచ్చరించాల్సిన విషయం ఇంకొకటి ఉంది. క్యాన్సిల్ పేరుతో జరిగే మోసం. పెద్ద ఆర్డర్ చెబుతారు, తరచుగా మిలిటరీలో పనిచేస్తున్నామనో, పెద్ద ఆఫీసు నుంచనో చెబుతారు. డబ్బు వేసినట్టు స్క్రీన్‌షాట్ పంపుతారు. పది నిమిషాల్లో "పొరపాటున ఎక్కువ వేశాం, ఆర్డర్ కూడా క్యాన్సిల్, మిగతాది అర్జెంటుగా పంపండి, హాస్పిటల్లో ఉన్నాం" అంటారు. అసలు డబ్బే రాలేదు. స్క్రీన్‌షాట్, మెసేజ్ రెండూ నకిలీవి తయారు చేస్తున్నారు. బ్యాంకు యాప్ తెరిచి, మీ ఖాతాలో ఆ సొమ్ము కళ్ళారా చూశాకే రీఫండ్ వెయ్యండి. ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే వెయ్యండి, "మా తమ్ముడి నంబరుకి వెయ్యండి" అంటే కుదరదనండి. వాళ్ళు పంపిన క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యకండి. మనకి డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు, పిన్ అడిగిందంటే మన డబ్బు పోతున్నట్టే. ఒకవేళ పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి. మా వీధిలో ఒకావిడ సిగ్గుపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు రోజుల్లో ఆ డబ్బు చేతులు మారిపోయింది.

పెద్ద యాప్‌లలో అమ్మితే పద్ధతి వేరు. అక్కడ కొన్నవాళ్ళు మీకు ఫోన్ చేసి క్యాన్సిల్ చెయ్యమంటే, వాళ్ళనే యాప్‌లో నొక్కమనండి. మీరు నొక్కితే సరుకు లేక మానుకున్నట్టు మీ లెక్కలో పడుతుంది. యాప్ బయట డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం వద్దు. వెనక్కి వచ్చిన పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. క్యాష్ ఆన్ డెలివరీ మాత్రం పూతరేకులకి అసలు పెట్టకండి. తలుపు దగ్గర వద్దంటే పోను చార్జీ, రాను చార్జీ, లోపలి సరుకు మూడూ మీవే.

అసలు "క్యాన్సిల్" అన్న మాట వెనక ఏముందో వినడం ఇవన్నిటికంటే ముఖ్యం. "ఎందుకు క్యాన్సిల్ చేస్తున్నారు?" అని అడిగితే నిలదీసినట్టు ఉంటుంది. "ఏమైందండీ, అంతా బాగానే ఉన్నారు కదా? తేదీ మారిందా?" అని అడగండి. సగం సార్లు వాళ్ళకి కావాల్సింది క్యాన్సిల్ కాదు. ముహూర్తం వారం జరిగి ఉంటుంది, లేదా 40 అనుకున్నవాళ్ళకి 15 చాలని ఉంటుంది. ఒకే ఇంట్లో ఇద్దరు విడివిడిగా ఆర్డర్ పెట్టిన సందర్భాలూ చూశాను. ఎలా చెప్పాలో తెలియక మొత్తానికే వద్దనేస్తారు. తేదీ మార్చగలం, తగ్గించగలం అని మనం అంటే వాళ్ళకే ప్రాణం లేచివస్తుంది. మీ హైదరాబాద్‌వాళ్ళని ఆ మాట అడిగారో లేదో మీరు రాయలేదు.

ఒక్క సందర్భంలో మాత్రం నేను గడువూ చూడను, లెక్కా వెయ్యను. ఇంట్లో మనిషి పోయి, మైల వచ్చి, శుభకార్యం ఆగిపోతే. గృహప్రవేశానికి అయిదు చీరలు చెప్పినావిడ మామగారు పోయారని ఆవిడ పెద్దకొడుకు ఫోన్ చేశాడు. చీరలు మడతపెట్టి ప్యాక్ చేసి ఉన్నాయి. ఆ అబ్బాయి మెల్లిగా, అడ్వాన్స్ ఎంత పట్టుకుంటారండీ అని అడిగాడు. అలాంటి రోజున ఆ పిల్లాడు ఆ లెక్క అడగాల్సి రావడమే నాకు కష్టమనిపించింది. మొత్తం వేసేసి, పెద్దకర్మ అయ్యేదాకా మా నుంచి ఫోన్ రాదు బాబూ అని చెప్పాను. వాళ్ళు తర్వాత నా దగ్గర మళ్ళీ కొనలేదు. కొనాలని ఇవ్వలేదు. నిజమా అబద్ధమా అని ఆరా తియ్యొద్దు కూడా. ఎప్పుడో ఒకరు అబద్ధం చెప్పి ఒక ఆర్డర్ డబ్బు పట్టుకుపోయినా, నిజంగా ఇంట్లో చావు జరిగినవాళ్ళని రుజువు అడగడం కంటే అదే నయం.

ఇక మీ అత్తగారి మాట. పెద్దావిడ భయం అర్థమవుతుంది, కానీ పెద్ద ఆర్డర్లు మానకండి. డబ్బు తీసుకునే పద్ధతి మార్చండి. 10 బాక్సుల లోపు మొత్తం డబ్బు ముందే తీసుకోండి. అంతకు మించితే రెండు వాయిదాలు పెట్టండి. ఆర్డర్ రోజున రేకులు, నెయ్యి కొనడానికి సరిపడా తీసుకోండి. చుట్టడం మొదలుపెట్టే ముందు రోజు సాయంత్రానికి మిగతా మొత్తం రావాలి. రెండో వాయిదా రాకపోతే చుట్టకండి. ఆ రోజు మధ్యాహ్నం ఒకసారి ఫోన్ చెయ్యండి, మెసేజ్ ఒక్కటే పెట్టి ఊరుకోకండి, పెళ్ళివారింట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉందో తెలియదు. ఆర్డర్ తీసుకున్న వెంటనే ఈ నాలుగు లైన్లు పంపి, "సరే" అన్న జవాబు వచ్చాకే డబ్బు నంబరు ఇవ్వండి:

"మీ ఆర్డర్ 40 బాక్సులు, ఫలానా తేదీకి. ఫలానా రోజు సాయంత్రం 6 లోపు మార్చుకున్నా, మానుకున్నా మీ డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాం. ఆ తర్వాత చుట్టిన బాక్సుల ఖర్చు మాత్రం పట్టుకుని మిగతాది అదే రోజు వేస్తాం. మా వల్ల ఆలస్యమైనా, మేం ఇవ్వలేకపోయినా మీ డబ్బు మొత్తం ఇచ్చి, మీరు ఆలస్యంగా వద్దంటే ఎంత పట్టుకునేవాళ్ళమో అంత మేమే మీకు కలిపి ఇస్తాం."

మొదటిసారి పంపేటప్పుడు చెయ్యి వణుకుతుంది. పంపెయ్యండి. నేను ఇన్నేళ్ళలో చూసింది, ఇది చదివి ఆర్డర్ ఇవ్వకుండా వెళ్ళిపోయినవాళ్ళు చాలా తక్కువ.

చివరగా, మీరు రాసినదాంట్లో ఒక చిన్న వాక్యం నన్ను ఆపింది. ఆ 25 బాక్సులు చుట్టడానికి వచ్చిన ఇద్దరు అక్కవాళ్ళకి ఇంకా డబ్బు ఇవ్వలేదు, హైదరాబాద్ సంగతి తేలాక ఇద్దామనుకుంటున్నాం అని రాశారు. ఈరోజే ఇచ్చెయ్యండి. వాళ్ళు చుట్టినంత చుట్టారు. ఆర్డర్ ఉన్నా పోయినా వాళ్ళ కూలికి దానితో సంబంధం లేదు. నేను వేసిన 160 ఖర్చులో ఆ కూలి కూడా ఉంది, కాబట్టి 1,080 పంపే మెసేజ్ కంటే ముందు వాళ్ళిద్దరి ఇంటికి వెళ్ళి రండి.